పారవేసిన వాటితో కానుకలు: జార్జి కార్వర్ గారి జీవితము

ధ్యాన భాగములు: నిర్గమ. 35:20–29, యోహాను 6:5–13, అపొ. కార్య. 9:36–43



క్రిస్మసు దగ్గరపడిన కొలది మన పల్లె సంఘములలో ఒక చింత బయలుదేరుచున్నది. పిల్లలకు ఏమి పెట్టవలెను? ఇరుగుపొరుగు వారికి ఏమి పంపవలెను? చేతిలో పైకము లేదు, కోత ఇంకను ఇంటికి రాలేదు. కొందరు రాబోవు పంట మీద అప్పు తెచ్చి బజారు బొమ్మలు కొందురు. ఆ బొమ్మలు సంక్రాంతి వరకైనను నిలువవు, అప్పు మాత్రము మరుసటి క్రిస్మసు వరకు నిలుచును. మరికొందరు సిగ్గుపడి, పండుగనాడు ప్రక్కింటి గడప తొక్కుటకే వెనుదీయుదురు. పేదవాడు పుచ్చుకొనువాడే గాని ఇచ్చువాడు కాడు అను తలంపు మన వారిలో బహుగా వేరు పాతుకొని యున్నది. ప్రసంగములతో అది కదలుట లేదు. కనుక ఈ నెల మేము వ్యాఖ్యానము తగ్గించి ఒక మనుష్యుని జీవితము వ్రాయుచున్నాము.

దొర్కా సంగతి మీకు తెలిసినదే. యొప్పేలో ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపినది ఆమె వెండి బంగారములు కాదు, ఆమె కుట్టి యిచ్చిన బట్టలు. ఆ బట్టల వెల ఎంతో లూకా వ్రాయలేదు. ఆమె పలికిన మాట ఒక్కటియైనను వ్రాయలేదు. ఆమె చేతిపనియే వ్రాయబడినది. మేము చెప్పబోవు మనుష్యుడును సూది పట్టినవాడే. ఆయన పేరు జార్జి వాషింగ్టన్ కార్వర్. పాఠశాల పుస్తకములు చదివిన పిల్లలు ఆయనను వేరుసెనగ శాస్త్రజ్ఞుడని ఎరుగుదురు. ఆయన సూదిని, అల్లిక కొంకెను, కుంచెను గూర్చి ఎరిగినవారు తక్కువ.

ఆయన అమెరికా దేశమున మిస్సోరి రాష్ట్రములో డైమండ్ గ్రోవ్ అను పల్లె యొద్ద 1864 ప్రాంతమున పుట్టెను. పుట్టిన దినము ఎవరును వ్రాసి పెట్టలేదు. ఆయన తల్లి మేరీ ఒక బానిస. మోజెస్ కార్వర్ అను తెల్ల రైతు ఆమెను 1855లో 700 డాలర్లకు కొనెను. తండ్రి పొరుగు పొలములోని బానిస. బిడ్డ పుట్టకమునుపే అతడు ప్రమాదములో చనిపోయెను. అంతర్యుద్ధపు దినములలో దోపిడిగాండ్రు రాత్రివేళ వచ్చి తల్లిని, చంటిబిడ్డయైన జార్జిని ఎత్తుకొని పోయిరి. యజమానుడు వెదకుటకు ఒకనిని పంపెను. బిడ్డ దొరికెను, తల్లి దొరకలేదు. ఆమె ఏమాయెనో ఎన్నటికిని తెలియలేదు. బిడ్డను తెచ్చినవానికి మోజెస్ కార్వర్ ఒక పందెపు గుఱ్ఱమును బహుమానముగా ఇచ్చెను.

తల్లి గుర్తుగా ఆ బాలునికి మిగిలినది ఆమె నూలు వడికిన రాట్నము. పెద్దవాడైన తరువాత ఆయన ఆ రాట్నమును అడిగి తెచ్చుకొని, తన గదిలో చివరి వరకు ఉంచుకొనెను. నిర్గమకాండములో, ప్రత్యక్ష గుడారము కొరకు వివేక హృదయముగల స్త్రీలు తమ చేతులతో వడికి తెచ్చిరని చదువుచున్నాము. మేరీ వడికిన నూలు ఆమెది కాదు, యజమానునిది. ఆమె బిడ్డయు ఆమెది కాదు. అట్టి తల్లికి పుట్టినవాడు లోకమునకు ఇచ్చువాడగునని ఆనాడు ఎవరు తలంచిరి?

బానిసత్వము పోయిన తరువాత మోజెస్, ఆయన భార్య సుసాను జార్జిని, అతని అన్న జిమ్మును ఇంటనే పెంచిరి. జార్జికి కోరింత దగ్గు వచ్చి గొంతు పాడాయెను. జీవితాంతము ఆయన కంఠము సన్నగా ఆడువారి కంఠము వలె ఉండెను. పొలము పనికి బలము లేని పిల్లవాడు గనుక సుసాను అతనిని ఇంటిలో ఉంచి వంట, బట్టలుతుకుట, కుట్టుపని, అల్లిక నేర్పెను. మగపిల్లవానికి సూది పని ఏల అని మన వారు నవ్వుదురేమో. ఆ సూదియే ఆయనకు తరువాత పదిపదునైదేండ్లు అన్నము పెట్టినది.

ఆ బాలుడు అడవిలో ఒక మూల దాపుగా చిన్న తోట వేసికొని, ఇరుగుపొరుగు వారి వాడిపోయిన మొక్కలను తెచ్చి బ్రదికించి ఇచ్చుచుండెను. అతనిని మొక్కల వైద్యుడని పిలిచిరి. ఇవియే అతడు పొరుగువారికి ఇచ్చిన మొదటి కానుకలు. ఒకసారి ఒక తెల్లవారి ఇంట గోడకు వ్రేలాడు చిత్రపటములు చూచి అతనికి చిత్రములు వేయు కోరిక పుట్టెను. రంగులు కొను దారి లేదు. అడవి పండ్లను, బెరళ్లను పిండి రంగులు తీసి, పలకల మీదను రాళ్ల మీదను వేసెను.

సుమారు పదేండ్ల ప్రాయములో, పొరుగున నున్న ఒక తెల్ల పిల్లవాడు ఆదివారపు బడికి పోవుచు ప్రార్థన యనగా ఏమో జార్జికి చెప్పెను. జార్జి కొట్టము అటక మీదికి ఎక్కి, మొక్కజొన్న పీపా ప్రక్కన మోకరించి, తనకు తెలిసినట్లు ప్రార్థించెను. మరియొక సంగతి ఆయన పెద్దవాడైన తరువాత చెప్పుచుండెను. చెక్కుకొనుటకు చిన్న కత్తి యొకటి కావలెనని అతనికి బహు ఆశ. ఒక రాత్రి కలలో, సగము తిన్న పుచ్చకాయలో గ్రుచ్చియున్న కత్తి మొక్కజొన్న చేనిలో కనబడెనట. తెల్లవారి పరుగెత్తి చూడగా అక్కడ అట్లే ఉండెనట. దీనిని బట్టి కలలను గూర్చి సిద్ధాంతము కట్టవద్దని మనవి. పిల్లవాడు బొమ్మను గాక పనిముట్టును కోరుకొనెను; మేము గమనించినది అది.

పదకొండు పండ్రెండేండ్లప్పుడు, ఎనిమిది మైళ్ల దూరమున నున్న నియోషో పట్టణములో నల్లవారి పిల్లలకు బడి యున్నదని విని, జార్జి నడిచి వెళ్లెను. రాత్రి ఒక కొట్టములో పడుకొనెను. ఆ కొట్టము వాట్కిన్సు దంపతులది. మరియా వాట్కిన్సు మంత్రసాని పని చేయుచు, బట్టలుతికి బ్రదుకు స్త్రీ. ఆమె అతనిని ఇంటిలో చేర్చుకొనెను. విరామము గంట కొట్టగానే జార్జి బడి కంచె దూకి వచ్చి ఆమెకు ఉతుకుటలో సాయము చేసి మరల బడికి పోవుచుండెను. అప్పటివరకు అతడు కార్వర్ వారి జార్జి, అనగా ఒకరి సొత్తు. ఇక మీదట జార్జి కార్వర్ అని చెప్పుకొనుమని ఆమెయే నేర్పెను. నేర్చిన చదువును తన జనులకు తిరిగి ఇయ్యవలెనని కూడ ఆమెయే చెప్పెను. ఆమె ఒక బైబిలును అతనికి కానుకగా ఇచ్చెను. ఆ గ్రంథమును ఆయన కడవరకు విడువలేదు. బట్టలుతుకు చేతులతో కూడబెట్టి ఇచ్చిన కానుక అది.

తరువాత ఆయన కాన్సాసు రాష్ట్రములో ఊరూర తిరిగి, వంట చేసి, బట్టలుతికి, చదువుకొనెను. 1885లో హైలాండ్ అను కళాశాల వారు ఉత్తరము చూచి చేర్చుకొందుమనిరి, మనిషి నల్లవాడని చూచి గుమ్మము నుండి పంపివేసిరి. ఈ మాట చదువునప్పుడు మన సంఘములలోని పెద్దలలో కొందరికి తమ బాల్యము, తమ ఊరి బడి అరుగు జ్ఞాపకము రావచ్చును. ఆయన ఆ గాయమును గూర్చి ఎక్కువ మాట్లాడలేదు. కొంత కాలము ఎండిన మైదానములో మట్టి పెళ్లలతో ఇల్లు కట్టుకొని సేద్యము చేసి, మరల చదువు వెదకుకొనుచు అయోవా రాష్ట్రమునకు వెళ్లెను.

1890లో సింప్సన్ కళాశాల ఆయనను చేర్చుకొనెను. ప్రవేశ రుసుము కట్టిన తరువాత మిగిలిన కొద్ది నాణెములతో పిండియు క్రొవ్వును కొని, వాటితోనే ఒక వారము గడిపెను. ఒక పాక అద్దెకు తీసికొని, తొట్లు అరువు తెచ్చుకొని, తోటి విద్యార్థుల బట్టలు ఉతుకుట మొదలు పెట్టెను. వచ్చినవారికి కూర్చుండుటకు చెక్కపెట్టెలే ఆసనములు. ఆ విద్యార్థులు ఇది చూచి, ఆయన బడిలో నుండగా బల్ల, కుర్చీలు తెచ్చి పాకలో పెట్టిపోయిరి. తలుపు క్రింది సందులో నుండి నాణెములు త్రోసినవారును కలరు. ఎవరు చేసిరో ఎవరును ఒప్పుకొనలేదు. దానము పుచ్చుకొనుటకు ఆయన ఇష్టపడడని వారికి తెలియును. ఇచ్చు విధము తెలిసినవారు ఆ పిల్లలు. మన ఊళ్లలో ఒక చీర ఇచ్చి నాలుగు వీధులు చెప్పుకొనువారు ఈ సంగతి రెండుసార్లు చదువుదురు గాక.

ఆయనకు చిత్రలేఖనము నేర్పిన ఎట్టా బడ్ అను ఉపాధ్యాయిని, ఆయన మొక్కల ప్రేమను చూచి, తన తండ్రి బోధించుచున్న ఏమ్స్ వ్యవసాయ కళాశాలకు 1891లో పంపెను. 1892 చివర ఆ రాష్ట్రపు చిత్రకారుల ప్రదర్శన జరిగెను. పోవుటకు ఆయనకు మంచి దుస్తులు లేవు. స్నేహితులు ఆయనను బట్టల దుకాణమునకు బలవంతముగా తీసికొనిపోయి దుస్తులు తొడిగి, రైలు టిక్కెట్టు చేతిలో పెట్టిరి. ఆయన వేసిన నాగజెముడు జాతి మొక్కల చిత్రము 1893లో షికాగో మహా ప్రదర్శనలో మెప్పు పొందెను. ఏమ్స్‌లో ఒక ఉపాధ్యాయుని చిన్న కుమారుని వెంటబెట్టుకొని పొలముల గట్లపై తిరుగుచు గడ్డి పూలను చూపి పేర్లు చెప్పుచుండెను. ఆ పిల్లవాడు హెన్రీ వాలేసు. అతడు 1941 నుండి 1945 వరకు అమెరికా ఉపాధ్యక్షుడుగా నుండెను. ఒక పిల్లవానితో గట్టుపై నడుచుటకు ఏ ఖర్చును లేదు.

1896లో బుకర్ వాషింగ్టన్ గారు అలబామా రాష్ట్రములోని టస్కీగీ విద్యాలయమునకు రమ్మని పిలిచెను. అది నల్లవారు నల్లవారి కొరకు నడుపు బడి. జీతము సంవత్సరమునకు 1,000 డాలర్లు. ఏమ్స్‌లోని ఉపాధ్యాయులు, విద్యార్థులు వీడ్కోలుగా ఒక సూక్ష్మదర్శినిని ఇచ్చిరి. టస్కీగీలో దిగి చూడగా ప్రయోగశాల లేదు, పనిముట్టులు లేవు. ఆయన విద్యార్థులను వీధులకును చెత్తకుప్పలకును పంపి, పగిలిన సీసాలు, డబ్బాలు, తీగలు, మూతలు ఏరి తెప్పించెను. సిరాబుడ్డి దీపమాయెను. మందమైన టీకప్పు కల్వమాయెను. అయిదువేల మంది తిని తృప్తిపొందిన తరువాత కూడ ప్రభువు మిగిలిన ముక్కలను ఏమియు నష్టపడకుండ పోగుచేయించెను. ఆ పండ్రెండు గంపలను మనము ప్రసంగములలో తరచుగా దాటిపోవుదుము. కార్వర్ గారు దాటిపోలేదు. పొట్లము కట్టి వచ్చిన దారపు ముక్కను, కాగితమును ఆయన పారవేసి యెరుగడు.

టస్కీగీ చుట్టునున్న రైతులు మన కౌలు రైతుల వంటివారే. భూమి వారిది కాదు. ప్రత్తి తప్ప వేరు పంట లేదు. ఇంటి గుమ్మము వరకు ప్రత్తియే, కూరగాయల పాదు ఒకటి లేదు. నేల సారము పోయినది. తినుటకు పంది క్రొవ్వు, మొక్కజొన్న పిండి, బెల్లపు పాకము. ఇళ్ల గోడలు రంగు ఎరుగని చెక్కలు. బడులు, దేవాలయములు కూడ అట్లే. ఆయన వారాంతములలో బండి కట్టుకొని పల్లెలకు పోయి, వారి ఇండ్లలోనే బసచేసి నేర్పుచుండెను. 1906లో జెసప్ అను దాత సాయముతో ఒక కోవెర గాడిదల బండి తయారాయెను. నాగలి, విత్తనములు, వెన్న చిలుకు యంత్రము దానిలో పెట్టి ఊరూర త్రిప్పిరి. బడికి రాలేని వారి యొద్దకు బడియే పోయెను.

ఆయన చేసిన పనులలో మాకు మిక్కిలి ఇష్టమైనది ఇక్కడ చెప్పెదము. ఆ ప్రాంతపు గుట్టలలో తెలుపు, పసుపు, ఎరుపు మన్ను విరివిగా నున్నది. దానిని త్రవ్వి, నీళ్లలో కలిపి, ఇసుక అడుగునకు దిగిన తరువాత పైతేటను గుడ్డతో వడగట్టిన యెడల గోడలకు వేయు రంగు సిద్ధము. దుకాణములో ఒక కాసు ఖర్చు లేదు. 1911లో ఈ విధమును ఒక చిన్న పుస్తకముగా అచ్చువేయించెను. పేదవాని ఇల్లు శుభ్రముగా మాత్రమే గాక అందముగా కూడ ఉండవలెనని ఆయన పట్టు. చాల మంది సహాయకులు పేదవానికి కూడు, గుడ్డ చాలునందురు. అందము కూడ ఆకలియేనని ఆయన ఎరిగియుండెను.

మన తల్లులకు ఈ విద్య క్రొత్త కాదు. సుద్ద మన్నుతో గోడ పూయుట, జాజుతో అరుగుకు ఎఱ్ఱని అంచు తీర్చుట, పేడతో అలికి ముగ్గు వేయుట వారికి పుట్టుకతో వచ్చినది. మన పిల్లలు చదువుకొని వచ్చి, మట్టి రంగులు మోటు అని, డబ్బా రంగులు కావలెనందురు. సముద్రములకు ఆవల ఒక పండితుడు ఈ మట్టి రంగులను నేర్పుటకు పుస్తకము అచ్చువేసెనని వారికి చెప్పుడి.

రంగుల తరువాత చేతిపనులు. గోనెపట్టా మీద రంగు దారముతో పువ్వులు కుట్టి గుమ్మపు తెరలు, పరుపులు చేయుట నేర్పెను. మొక్కజొన్న పొత్తుల డొప్పలను జడలల్లి చాపలు చేయించెను. బెండ కాడల నారతోను, ప్రత్తి కట్టెల నారతోను అల్లికలు చేసి చూపెను. ఆకుల నుండి, బెరళ్ల నుండి, మన్ను నుండి అద్దకపు రంగులు తీసెను. ఆయన స్వయముగా కొంకెతో సన్నని జలతారు వంటి అంచులు అల్లెడివాడు. పనిదినము ముగిసిన తరువాత ఆ పెద్ద పండితుడు దారమును వ్రేళ్లకు చుట్టుకొని కూర్చుండుట ఆయన కాలపు వారికి వింత కాదు. వేసిన చిత్రములను స్నేహితులకు ఇచ్చివేయుచుండెను. పిల్లల కొరకు, పల్లె బడులలో తోటలు వేయించు విధము 1910లో వ్రాసెను. పిల్లవానికి ఒక మడి, నాలుగు గింజలు ఇయ్యవలెను, అది పెరుగు కానుక అని ఆయన అభిప్రాయము.

వేరుసెనగ సంగతి క్లుప్తముగా చెప్పెదము, ఏలయనగా అది అందరికి తెలిసినదే. ప్రత్తిని పురుగు పాడుచేసిన కాలములో నేలకు బలమిచ్చు వేరుసెనగ, బొబ్బర్లు, చిలగడదుంప వేయుడని రైతులకు బోధించెను. వేరుసెనగను 105 విధములుగా వండుకొను పుస్తకమును 1916లో ప్రచురించెను. 1921లో వాషింగ్టన్ పట్టణమున చట్టసభ వారి కమిటీ ఆయనకు పది నిమిషములు మాత్రము ఇచ్చి, వినిన కొలది ఇంకను చెప్పుమని సమయము పొడిగించిరి. వేరుసెనగ వెన్నను ఆయనే కనిపెట్టెనని కొందరు ప్రసంగీకులు చెప్పుచున్నారు. అది నిజము కాదు. ఆయన పేర చెప్పబడు మూడువందల వస్తువులలో అనేకములు అంగడికి ఎక్కలేదు. వాటి విధానములను ఆయన సరిగా వ్రాసియు పెట్టలేదు. ఆయన లెక్కలలోను పాలనలోను నేర్పరి కాడు. విద్యాలయపు కోళ్ల దొడ్డి ఆయన చేతిలో పాడైనదని బుకర్ వాషింగ్టన్ గారు అనేక పర్యాయములు మందలించెను, ఈయన అలిగి రాజీనామా చేసెదననెను. భక్తులకు లేనిపోని మహిమలు అంటగట్టుట దేవునికి మహిమ కాదు. ఉన్నది చెప్పిన చాలును.

ఉన్నదేమనగా, ఆయన తన పేర మూడు హక్కు పత్రములు మాత్రము తీసికొని, మిగిలిన తెలివినంతయు అడిగినవారికెల్ల ఊరకే ఇచ్చెను. ఆయన సుమారు 44 చిన్న పుస్తకములు వ్రాసెను, అవి రైతులకును, ఉపాధ్యాయులకును, ఇల్లాండ్రకును అర్థమగు మాటలలో నుండెను. 1907 నుండి సుమారు ముప్పది సంవత్సరములు ఆదివారము సాయంకాలము విద్యార్థులకు బైబిలు తరగతి నడిపెను. కొద్దిమందితో మొదలైన ఆ తరగతికి నూరుమందికి మించి వచ్చుచుండిరి. రాయిని, ఆకును చేతబట్టుకొని వచ్చి వాక్యము చెప్పెడివాడు. పెండ్లి చేసికొనలేదు. ఆ విద్యార్థులే ఆయన పిల్లలు. వారికి ఉత్తరములు వ్రాయుట, చేబదులు ఇచ్చుట, తిరిగి అడుగుట మరచుట ఆయన అలవాటు.

1933 చివర వేరుసెనగ నూనె మర్దనతో కాళ్లు పడిపోయిన పిల్లలు నడచుచున్నారని వార్తాపత్రికలో వచ్చెను. అంతట తల్లిదండ్రులు దూరదేశముల నుండి పోలియో పిల్లలను ఎత్తుకొని టస్కీగీకి వచ్చిరి. ఆయన ఒక్క కాసు పుచ్చుకొనలేదు. ఆ నూనెలో మందు గుణము లేదనియు, మేలు కలిగినంత వరకు అది ఓర్పుతో చేసిన మర్దన వలననే యనియు వైద్యులు తరువాత ఎంచిరి. అట్లయిన యెడల ఆ పిల్లలు పొందిన కానుక ఆయన రెండు చేతులే. ఏ కులమో ఏ రంగో చూడక, గంటల తరబడి ముసలి చేతులు వారి కాళ్లు రుద్దినవి. ఆ కాలమున ఆ రాష్ట్రములో నల్లవాని చేయి తెల్లవాని బిడ్డను తాకుట చిన్న సంగతి కాదు.

మన దేశముతో కూడ ఆయనకు సంబంధము కలదు. 1929లో దీనబంధు ఆండ్రూస్ గారు టస్కీగీకి వెళ్లినప్పుడు, కార్వర్ గారు గాంధీ గారి శాకాహారమును గూర్చి విని, తగిన ఆహార పద్ధతులు వ్రాసి పంపెను. అదియు ఒక చేతిపని కానుకయే. వేరుసెనగ ఎక్కువగా పండు అనంతపురము, కర్నూలు జిల్లాల సంఘస్థులు దీనిని గూర్చి అతిశయింపవచ్చును.

ఇక మన ఇంటి సంగతి. ఈ పండుగకు ఏమి చేయగలమని అడుగువారికి మాకు తోచినవి వ్రాయుచున్నాము. వేరుసెనగ పప్పు వేయించి, పొట్టు తీసి, బెల్లపు పాకములో ఉండలు చుట్టి, బాదమాకులో పొట్లము కట్టి ప్రక్కింటికి పంపుడి. పాకము ముదిరెనా లేదా చూచుటకు నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేసి చూడవలెను. ఉండ కట్టిన చాలును. పాత చీరెలు, పంచెలు నాలుగు మడతలు వేసి కుట్టిన బొంత, చలిలో నున్న ముసలివారికి ఏ దుకాణపు దుప్పటికిని తీసిపోదు. పిల్లలకు జొన్నబెండుతో కళ్లజోడు, ఎడ్లబండి; తాటిబుర్రలతో రెండు చక్రముల బండి; తాటాకుతో గాలికి తిరుగు గిలక; గుడ్డపీలికల బొమ్మ. బొమ్మకు కండ్లు నల్లదారముతో కుట్టుడి. గుండీలు పెట్టిన యెడల చంటిపిల్లలు నోట పెట్టుకొందురు. తాతలున్న ఇండ్లలో తాతలను పిలిచి చేయించుడి. వారి చేతులకు ఈ విద్యలు తెలియును, అడుగువారు లేక ఊరకున్నారు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టి చేయవలెను. కత్తి పెద్దవారి చేతిలోనే ఉండవలెను.

కార్వర్ గారు వృద్ధాప్యములో బలహీనుడై మెట్లు ఎక్కలేకపోయినప్పుడు, హెన్రీ ఫోర్డు గారు ఆయన నివసించు భవనములో ఎక్కుటకు దిగుటకు యంత్రము పెట్టించెను. 1942లో, యుద్ధకాలపు ఆకలిలో, గట్ల మీద పెరుగు అడవి కూరలను తినుటను గూర్చి మరియొక చిన్న పుస్తకము వ్రాసెను. జీతములో మిగిల్చిన ధనమంతయు, దాదాపు 60,000 డాలర్లు, యౌవనస్థుల పరిశోధనల కొరకు వ్రాసి ఇచ్చెను. ఆయన చిరిగిన కోటు మీద, గుండీ కన్నములో, ప్రతిదినము ఒక క్రొత్త పువ్వు ఉండుచుండెను. 1943 జనవరి 5న, పడిపోయిన దెబ్బల తరువాత, ఆయన ప్రభువునందు నిద్రించెను. బుకర్ వాషింగ్టన్ గారి సమాధి ప్రక్కన ఆయనను ఉంచిరి.

ఆయన బ్రదికియుండగానే టస్కీగీలో ఆయన పేర ఒక ప్రదర్శనశాల తెరచిరి. దాని కొరకు ఇచ్చిన భవనము విద్యాలయపు పాత బట్టలుతుకు శాల. 1947లో అక్కడ అగ్నిప్రమాదము కలిగి, ఆయన చిత్రములలో అనేకములు కాలిపోయెను. ఆయన అల్లికలను, గోనెపట్టా మీద కుట్టిన పువ్వులను, మట్టి నుండి తీసిన రంగులను ఆ శాల వారు చూడ వచ్చినవారికి చూపుచు వచ్చిరి.